ఫ్రెంచి బడిలో కొనసాగించాలా, సీబీఎస్ఈకి మార్చాలా: బెంగళూరులో ఇద్దరు పిల్లల్ని రెండు దారుల్లో చదివించాక

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఐదేళ్లు ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఉండి ఈ జులైలో బెంగళూరు వచ్చారు. బాబు సీఈ2, అంటే మన మూడో తరగతి, పూర్తి చేశాడు, పాప ఇప్పుడు గ్రాండ్ సెక్షన్‌లోకి, అంటే మన యూకేజీలోకి, వెళ్లాలి. మూడేళ్ల తర్వాత మళ్లీ టూలూజ్ పంపొచ్చని ఆఫీసులో అంటున్నారు, కాగితం మీద మాత్రం ఏమీ లేదు. ఫీజులో సగం కంపెనీ ఇస్తుంది. బాబు ఫ్రెంచిలో బాగా చదువుతున్నాడు కాబట్టి వాణ్ణి ఇక్కడి ఫ్రెంచి బడిలో వేసి, పాప చిన్నదే కదా, ఎక్కడైనా సర్దుకుంటుందని ఆమెను ఇంటి దగ్గర సీబీఎస్ఈ స్కూల్లో వేద్దామనుకుంటున్నారు. విజయవాడలో ఉన్న మీ అత్తగారేమో పిల్లలకు తెలుగే సరిగా రావడం లేదని గోల పెడుతున్నారు.

ఇద్దర్నీ ఫ్రెంచి బడిలో వేసే స్తోమత ఉంటే ఇబ్బంది లేదు. ఒక్కరినే వేయగలిగితే మాత్రం నేను తిరగేసి చేస్తాను. పాపను ఫ్రెంచి బడిలో, బాబును బయట.

ఇది వినగానే మీకు వింతగా ఉంటుంది. నాకూ ఎవరైనా ఈ మాట 2009లో చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. మాది యానాం. లియోన్‌లో ఏడేళ్లు ఉండి బెంగళూరు వచ్చేనాటికి అమ్మాయికి ఎనిమిదేళ్లు, అబ్బాయికి నాలుగు. అచ్చం మీలాగే ఆలోచించాం. అమ్మాయి చదువు పాడవకూడదని ఫ్రెంచి బడిలో వేశాం, వాణ్ణి వీధి చివర ప్లేస్కూల్లో వేశాం. ఫీజు మిగిలిందని సంతోషించాం కూడా.

దీపావళికల్లా అక్క ఫ్రెంచిలో అడిగితే వాడు తెలుగులో జవాబివ్వడం మొదలుపెట్టాడు. సంక్రాంతికి అడిగింది కూడా సగం అర్థమయ్యేది కాదు, "ఏంటక్కా?" అని మొహం చూసేవాడు. ఉగాది నాటికి విసిగిపోయి అక్కే వాడితో ఫ్రెంచి మానేసింది. ఎనిమిది నెలలు, అంతే. లియోన్‌లో మాటెర్నెల్‌కి, అంటే నర్సరీ బడికి, వెళ్తూ కాంటీన్ ఆంటీలతో పోట్లాడిన పిల్లాడు వీడేనా అనిపించింది. మరుసటి ఏడాది వాణ్ణి కూడా అక్క బడిలోనే చేర్చాం కానీ, భాష రాని పిల్లల గుంపులో కూర్చుని మళ్లీ రంగుల పేర్ల నుంచి మొదలుపెట్టాడు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఎనిమిదేళ్ల పిల్లకు చదవడం వచ్చు. భాష నోట్లో తగ్గినా పుస్తకంలో మిగిలి ఉంటుంది, రోజూ పది పేజీలు చదివినా అది ఎండిపోదు. నాలుగైదేళ్ల పిల్లలకు భాషంటే పక్కన కూర్చున్న స్నేహితుడే. ఆ స్నేహితుడు పోతే భాషా పోతుంది. పైగా మీ పాపకు ముందున్నది సీపీ, మన ఒకటో తరగతి. ఫ్రాన్స్‌లో చదవడం, రాయడం నేర్పేది ఆ ఏడాదే. మూడేళ్లు ఇక్కడ ఇంగ్లీషు, హిందీ అక్షరాలు నేర్చుకుని తిరిగి వెళ్తే టూలూజ్‌లో ఆమెను పుట్టిన సంవత్సరం చూసి నేరుగా సీఈ2లో కూర్చోబెడతారు. తోటివాళ్లు అప్పటికి టీచరు చదువుతుంటే విని పేరాలు పేరాలు డిక్తే రాస్తుంటారు.

అలా జరిగినా కొంపలు మునిగిపోవు, అది కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ బడి ఉచితం, 2019 నుంచి మూడేళ్ల వయసు నుంచే నిర్బంధం. భాష రాకుండా వచ్చిన పిల్లలకు యూపీఈ2ఏ అనే సహాయ తరగతులు ఉంటాయి. మామూలు క్లాసులోనే పేరుంటుంది, వారంలో కొన్ని గంటలు విడిగా ఫ్రెంచి చెప్తారు. ఎనిమిదేళ్ల పిల్ల ఏడాదిలో అందుకుంటుంది. ఆ ఏడాది ఇంట్లో ఏడుపులు మాత్రం మీరే భరించాలి.

వయసు లెక్క గురించి ఒక మాట. ఫ్రాన్స్‌లో జనవరి నుంచి డిసెంబరు దాకా ఒకే ఏడు పుట్టినవాళ్లంతా ఒకే క్లాసు. నవంబరులో పుట్టిన పిల్ల ఆరేళ్లు నిండకుండానే సీపీలో చేరుతుంది. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నది నిబంధన. అంటే ఏడాది చివర్లో పుట్టిన పిల్లలు ఫ్రెంచి లైను నుంచి ఇటు వస్తే ఒక ఏడాది వెనక్కి వెళ్తారు. మీ పాప పుట్టిన నెల మీరు రాయలేదు.

ఇక బడి ఎంపిక. ఇక్కడ చాలామంది పొరబడేది ఒక చోటే. బెంగళూరులో "ఫ్రెంచి ఉంది" అని చెప్పే ఇంటర్నేషనల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఐబీనో కేంబ్రిడ్జినో, ఏదో ఒక అంతర్జాతీయ సిలబస్ చెప్తూ వారానికి నాలుగు పీరియడ్లు ఫ్రెంచి చెప్పేవి. మీ బాబు ఆ క్లాసులో కూర్చుంటే టీచరు ఉచ్చారణ సరిదిద్ది తిట్లు తింటాడు. మీకు కావలసింది ఫ్రెంచి నేర్పే బడి కాదు, లెక్కలూ చరిత్రా ఫ్రెంచిలో చెప్పే బడి. దానికి ఒకటే గుర్తు, ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే గుర్తింపు. వాళ్లు దాన్ని హోమొలొగాసియోఁ అంటారు. ఇలాంటి బడుల నెట్‌వర్కును చూసేది ఏఈఎఫ్ఈ అనే సంస్థ. 1990లో పెట్టారు, 130కి పైగా దేశాల్లో దాదాపు 600 బడులు దాని కింద ఉన్నాయి. కొన్నింటిని నేరుగా అదే నడుపుతుంది, కొన్నింటితో ఒప్పందం ఉంటుంది, మిగతావి భాగస్వాములు. పాండిచ్చేరిలో లీసే అనే ఫ్రెంచి బడి మొదటి రకం. 1826లో మొదలైంది, మాటెర్నెల్ నుంచి టెర్మినాల్, అంటే పన్నెండో తరగతి, దాకా అన్నీ అక్కడే ఉన్నాయి.

గుర్తింపు బడి మొత్తానికి గంపగుత్తగా ఇవ్వరు, స్థాయిలవారీగా ఇస్తారు. మాటెర్నెల్‌కి వేరు, ఎలిమెంటరీకి వేరు, ఆరు నుంచి తొమ్మిది దాకా ఉండే కొలేజ్‌కి వేరు, పది నుంచి పన్నెండు దాకా ఉండే లీసేకి వేరు. మీ బాబు ఇప్పుడు సీఎం1, వచ్చే ఏడు సీఎం2, ఆ తర్వాత సిజియెమ్, అంటే ఆరో తరగతి. సీఎం2 అంటే ఐదో తరగతి, ముఖ్యమంత్రి అనుకునేరు మా మావయ్యలాగా. మీ మూడో ఏడాదికి వాడు కొలేజ్‌లో ఉంటాడు. కాబట్టి "మీకు గుర్తింపు ఉందా?" అని అడగకండి. ఉంది అంటారు, నిజమే చెప్తారు. "సిజియెమ్‌కి ఉందా? ఆ క్లాసు టీచరు చెప్తారా, క్నెడ్ పాఠాలతో నడుపుతారా?" అని అడగండి. క్నెడ్ ఫ్రాన్స్ ప్రభుత్వ దూరవిద్యా సంస్థ, 1939లో బడికి వెళ్లలేని పిల్లల కోసం పెట్టింది. పిల్లలు తక్కువ ఉన్న చిన్న బడులు పైక్లాసులను క్నెడ్ పాఠాలతో, పక్కన ఒక ట్యూటరును పెట్టి లాగిస్తాయి. అది తప్పు కాదు. మా అమ్మాయి పైక్లాసులు అలాగే కొంత చదివింది. కానీ పూర్తి బడి ఫీజు కడుతూ సగం దూరవిద్య చదివిస్తున్నామని మాకు తెలిసింది క్లాసులు మొదలయ్యాకే. చేరేటప్పుడు అడగకపోవడం మా పొరపాటు, చెప్పకపోవడం వాళ్ల పొరపాటు.

గుర్తింపు వల్ల చేతికొచ్చే లాభం ఏమిటంటే, గుర్తింపున్న బడి నుంచి ఫ్రాన్స్‌లో ప్రభుత్వ బడికో, నెట్‌వర్కులోని ఇంకో బడికో వెళ్తే పరీక్ష పెట్టకుండా పై క్లాసులోకి తీసుకుంటారు, సీటుంటే చాలు. అది లేని చోటు నుంచి వస్తే పరీక్ష రాయాలి. మీరు ఇప్పుడు వస్తున్నది ఫ్రాన్స్ బడి నుంచే కాబట్టి ఇక్కడ చేర్చడానికీ అదే వర్తిస్తుంది. టూలూజ్ బడి ఇచ్చిన రాదియాసియోఁ సర్టిఫికెట్, అంటే మన టీసీ లాంటిది, లివ్రే స్కోలేర్, అంటే ప్రోగ్రెస్ రిపోర్టు, మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఈరోజే మెయిల్ పెట్టండి. ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఆఫీసు తలుపు తీసేవాడు దొరకడు.

బడి చూడటానికి వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు. చూడండి, బాగుంటుంది. తర్వాత సీపీ చదివిన పిల్లలెవరిదైనా ఒక నోటుపుస్తకం చూపించమని అడగండి. సేయెస్ గీతల పుస్తకం మీకు తెలుసు కదా, ఊదా గీతల మధ్య సన్నటి నీలం గీతలు. సెప్టెంబరు పేజీ, జూన్ పేజీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఏడాది ఏం జరిగిందో ప్రిన్సిపాల్ చెప్పనవసరం లేదు. జూన్ పేజీలో పిల్ల సొంతంగా రాసిన రెండు వాక్యాలు ఉండి, టీచరు ఎర్ర సిరాతో తప్పు కింద గీత గీసి పక్కన సరైనది రాసి ఉంటే అది పనిచేసే క్లాసు. అంతా జెరాక్సు కాగితాలు అతికించి ఖాళీలు పూరించడమే ఉంటే నాకు అనుమానం. నేను చూసిన పుస్తకాల్లో ఒకదానిలో ఫిబ్రవరి తర్వాత చేతిరాత దిద్దినవాళ్లే లేరు. ఆ టీచరు మధ్యలో వెళ్లిపోయిందట, కొత్తావిడ రావడానికి రెండు నెలలు పట్టిందట.

అందుకే టీచర్ల గురించి అడగాలి. ఫ్రాన్స్ విద్యాశాఖ ఉద్యోగులై డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు ఎంతమంది, ఇక్కడే కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్లు ఎంతమంది, పోయిన ఏడాది నుంచి ఎంతమంది మిగిలారు. ఇక్కడ తీసుకున్నవాళ్లు తక్కువని కాదు. మా అబ్బాయికి చదవడం నేర్పింది పాండిచ్చేరి తమిళావిడ, అంత ఓపిక నేను ఎక్కడా చూడలేదు. చూడాల్సింది నిలకడ. రెండు తరగతులు కలిపి ఒక గదిలో కూర్చోబెడతారని తెలిస్తే కంగారు పడకండి. సీఈ1, సీఈ2, అంటే మన రెండు, మూడు తరగతులు, కలిపి చెప్పడం ఫ్రాన్స్ పల్లెల్లో మామూలే. చిన్నవాళ్లు పెద్దవాళ్ల పాఠం వింటూ ముందే నేర్చేసుకుంటారు.

కంగారు పడాల్సింది పిల్లల సంఖ్య గురించి. ఇలాంటి చిన్న బడి కంపెనీల మీద బతుకుతుంది. ఒక ప్రాజెక్టు ముగిస్తే ఒకే జులైలో ఐదారు కుటుంబాలు పెట్టె సర్దుకుంటాయి. మా అమ్మాయి క్లాసులో ఒక ఏడాది పదకొండు మంది, మరుసటి సెప్టెంబరుకి ఐదుగురు. ఆడపిల్లల్లో ఇదొక్కతే మిగిలింది. చదువు సరిగ్గానే సాగింది కానీ పుట్టినరోజుకి పిలవడానికి మనిషి లేదు. పన్నెండేళ్ల పిల్లకు అది చిన్న విషయం కాదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏడాది ఫీజు పక్కన మొదటిసారి చేరిక ఫీజు ఒకటుంటుంది, అది తిరిగి రాదు. బస్సు, భోజనం, క్నెడ్ రుసుము వేరే. కంపెనీ "ఫీజులో సగం" అన్నప్పుడు వీటిలో ఏవి వస్తాయో హెచ్ఆర్ చేత రాయించుకోండి. ఆ సగం మీ జీతంలో పెర్క్విజిట్‌గా, అంటే జీతంతో పాటు వచ్చే సదుపాయంగా, కలుస్తుంది, కంపెనీ ఇచ్చే పన్ను పత్రంలో కనపడుతుంది, దాని మీద పన్ను మీరే కట్టాలి. మార్చిలో చూసి ఉలిక్కిపడే బదులు ఇప్పుడే లెక్క వేసుకోండి. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే బూర్స్, అంటే స్కాలర్‌షిప్, ఫ్రెంచి పౌరసత్వం ఉన్న పిల్లలకే. మా ఊళ్లో, పాండిచ్చేరిలో ఆ పౌరసత్వం ఉన్న కుటుంబాలకు అది వస్తుంది, మనలాంటివాళ్లకు రాదు.

ఇప్పుడు బాబు. వాణ్ణి బయట వేస్తే ఏం జరుగుతుందో దాచను. మా వాణ్ణి 2016లో, సీఎం2 అయ్యాక, సీబీఎస్ఈ ఆరో తరగతిలో వేశాం. అమ్మాయి పదో తరగతి, సెగోఁద్, కోసం నేను దాన్ని తీసుకుని పాండిచ్చేరిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. వీడు ఇంజనీరింగ్ ఇక్కడే చేస్తాడని అనుకున్నాం కాబట్టి వాళ్ల నాన్న, మా అత్తగారి దగ్గర బెంగళూరులోనే ఉండిపోయాడు. జులైలో ఫ్రెంచి ఏడాది ముగిసేసరికి ఇక్కడ క్లాసులు ఎప్పుడో మొదలయ్యాయి, ఒక యూనిట్ అయిపోయింది కూడా. మొదటి లెక్కల పరీక్షలో 25కి 11. మా వారు ఫోన్లో పేపర్ ఫోటో పంపారు. చూస్తే జవాబులు చాలావరకు సరైనవే! ఫ్రెంచి బడిలో 1 అంకెకు తల మీద పొడుగు గీత వస్తుంది, ఇక్కడి టీచరుకి అది 7. వీడు 112 అని రాస్తే ఆవిడ 772 అని చదివింది. దశాంశం దగ్గర చుక్కకు బదులు కామా. భాగహారం మనం 4 ఎడమన, 96 మధ్యన, జవాబు కుడిపక్కన రాస్తాం. వీడు 96 ఎడమన రాసి, నిలువు గీత గీసి, కుడివైపు పైన 4, దాని కింద 24 రాశాడు. ఆవిడ మొత్తం అడ్డంగా కొట్టేసింది. మా వారు వెళ్లి మాట్లాడాక ఆవిడే నవ్వి, "ముందే చెప్పొచ్చు కదండీ" అంది. మీరు చేర్చిన మొదటి వారమే క్లాస్ టీచరుకి ఈ మూడూ చూపించండి.

అసలు దెబ్బ లెక్కల్లో కాదు, భాషల్లో. ఇంగ్లీషు మీడియం, హిందీ, కన్నడ, మూడూ ఒకేసారి. ఆరో తరగతి హిందీ పుస్తకం వాడి చేతికిచ్చారు, వాడికి 'అ' రాదు. ఒక ఏడాది రోజూ సాయంత్రం ట్యూషను. మీ బాబు నాలుగో తరగతిలో చేరితే ఇంత కష్టం ఉండదు, ఇంకా పునాది దగ్గరే ఉంటారు. సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి ఇచ్చే స్కూలు దొరికితే ఒక బరువు తగ్గుతుంది.

బయట చదువుతూ ఫ్రెంచి నిలబెట్టడానికి క్నెడ్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. స్థానిక బడికి వెళ్తూ, ఫ్రెంచి, లెక్కలు లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు మాత్రం పక్కన చదివే కోర్సు. వారానికి నాలుగైదు గంటలు పడుతుంది, శనివారం ఉదయాలు పోతాయి. వసంతనగర్‌లో అలియాన్స్ అనే ఫ్రెంచి నేర్పే కేంద్రంలో పిల్లల క్లాసులున్నాయి కానీ అవి కొత్తగా నేర్చుకునేవాళ్లవి. మీ వాడు అక్కడ ఆవలిస్తాడు. అలియాన్స్ లైబ్రరీ మాత్రం వాడుకోండి, అది బంగారం.

ఒకవేళ టూలూజ్ కబురు రాకపోతే? మీరు అడగలేదు కానీ అడగాల్సింది ఇదే. మా తాతగారు యానాంలో ఫ్రెంచి బడిలో చదివారు. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక ఆయన సర్టిఫికెట్ పట్టుకుని కాకినాడలో ఉద్యోగానికి వెళ్తే, గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఎన్నో క్లాసు?" అని అడిగాడట. ఆ కథ ఇంట్లో వంద సార్లు విన్నాను, అయినా మా అమ్మాయి బాక్‌కి, అంటే లీసే చివరి పరీక్షకి, వచ్చేదాకా దాని అర్థం నాకు తెలియలేదు. ఫ్రెంచి బాక్‌కి ఇక్కడ ఏఐయూ, అంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం, సమానత్వ పత్రం ఇస్తుంది. కాబట్టి చెల్లదని భయపడక్కర్లేదు. చిక్కంతా మార్కుల్లో. వాళ్లకు 20కి 14 అంటే 'బియాఁ' అనే గౌరవం, 16, ఆపైన వస్తే 'త్రే బియాఁ'. ఆ 14ను ఇక్కడ శాతంలోకి మారిస్తే 70. ఐఐటీ సీటుకు పన్నెండో తరగతిలో 75 శాతమో, బోర్డులో పై 20 పర్సంటైలో ఉండాలి. అక్కడ గర్వపడే మార్కు ఇక్కడ గడప దాటదు. పైగా 2021 బాక్ నుంచి టెర్మినాల్‌లో రెండు ప్రధాన సబ్జెక్టులే ఉంచుకోవాలి. లెక్కలు వదిలేసి ఫిజిక్స్, బయాలజీ పట్టుకుంటే మన ఇంజనీరింగ్ తలుపు మూసుకున్నట్టే. మా అమ్మాయి 2019లో బాక్ అయ్యి ఫ్రాన్స్‌లోనే డిగ్రీకి వెళ్లింది కాబట్టి ఈ గొడవ తప్పింది. ఐరోపా బయటివాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏడాదికి 2,770 యూరోల ఫీజు పెట్టింది ఆ ఏడాదే. చాలా యూనివర్సిటీలు మినహాయింపు ఇచ్చాయి, మాకూ దొరికింది.

అందువల్ల మూడేళ్ల తర్వాత కూడా మీరు బెంగళూరులోనే ఉంటే, పాపను సీఈ1 ముగిశాక ఇటు తెచ్చేయొచ్చు, పెద్ద నష్టం లేదు. బాబు ఫ్రెంచి లైనులో ఉంటే వాణ్ణి ఎనిమిదో తరగతి లోపు మార్చాలి. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ తర్వాత నేరుగా పదిలో చేర్చుకోవడానికి స్కూళ్లు ఒప్పుకోవు. బాబును ఇప్పుడే ఇటు వేయమన్నది ఇందుకు కూడా.

మీ అత్తగారి మాటకొస్తే, ఆవిడ గోల సమంజసమే. బడిలో ఫ్రెంచో ఇంగ్లీషో, కింద ఆడుకునేచోట ఇంగ్లీషు, వాచ్‌మన్‌తో హిందీ. తెలుగు మీ ఇద్దరి నోటి నుంచి రావాల్సిందే, ఇంకెక్కడి నుంచీ రాదు. మా వాడికి తెలుగు నిలబడింది మా అత్తగారి వల్ల, అదీ కూరగాయల బండి దగ్గర. బెండకాయలు, టమాటాలు కలిపి 95 అని బండివాడంటే వీడు "కాత్ర్-వాఁ-కేఁజ్" అని గొణుక్కునేవాడు. అంటే ఏమిట్రా అని ఆవిడ అడిగితే, నాలుగు ఇరవైలు, పదిహేను అని విడమరిచాడు. "తొంభై అయిదు అనడానికి ఇంత చాకిరీ ఎందుకురా?" అందావిడ. ఆ రోజు నుంచి బండి లెక్కంతా వాడిదే, తెలుగులో చెప్తేనే చిల్లర వాడిది. మీ అత్తగార్ని దసరాకు తీసుకొచ్చి సంక్రాంతి దాకా ఉంచుకోండి. ఫ్రెంచి బడికి సంక్రాంతికి మన వైపు ఇచ్చినన్ని సెలవులు ఉండవు, పిల్లల్ని తీసుకుని విజయవాడ వెళ్లడం ఎలాగూ కుదరదు.

పాప పుట్టిన నెల, ఆఫీసు ఏ వైపో రాయండి. సర్జాపూర్ నుంచి నగరం ఉత్తర కొసకు ఐదేళ్ల పిల్లను రోజూ బస్సులో పంపాల్సి వస్తే నేను పైన చెప్పిన లెక్క మారుతుంది.